సార్ వదలని పాఠం

మా హిస్టరీ సార్ పోయారు. కాజీపేటలో పొద్దున చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా ఎంతమందితో వాదించాల్సిన మనిషి!

సిపాయిల తిరుగుబాటు మీరూ బడిలో చదివే ఉంటారు. ఆ పాఠం రోజు సార్ కాగితంలో బిగించి చుట్టిన పల్లీల పొట్లాలు తెచ్చి తలా ఒకటి ఇచ్చేవారు. చేత్తో కాదు, పళ్లతో చింపాలి. సిపాయిలు తూటా పొట్లాన్ని అట్లాగే చింపేవాళ్లు మరి. మేం నవ్వుకుంటూ నోటి దాకా తెచ్చాక, ఆ కాగితానికి మీ ఇంట్లో ముట్టని కొవ్వేదో పూశారనుకోండి అనేవారు. ఒక్కరం కొరికితే ఒట్టు.

తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట పటాలాలన్నిటికీ పాకిందని అప్పుడు చెప్పేవారు. జీతాల్లో తేడా, ఊళ్లో పోయిన భూములు, తెల్ల అధికారుల తిట్లు, వీటన్నిటితో కోపం అంతకుముందే కుప్పపడి ఉంది. మతం ఒక్కటే కారణమన్నా సార్ ఒప్పుకునేవారు కాదు, మతం ఊసే లేదన్నా ఒప్పుకునేవారు కాదు. "అడగకుంట నోట్లె పెడితె ఎవ్వడు ఊకుంటడు బిడ్డా?" అనేవారు.

ఒక ఏడు కొందరు తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. ఆవు మాటెందుకని ఒకరు, పంది మాటెందుకని ఇంకొకరు. కొవ్వు సంగతి వదిలేసి పాఠం చెప్పమన్నాడు బడి యజమాని. సార్‌ది ప్రైవేటు కొలువు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. అయినా సార్ మా ముందే జవాబిచ్చారు.

"ఒకటి చెప్తె ఒకలకు కోపం, ఇంకోటి చెప్తె ఇంకొకలకు కోపం. రెండూ చెప్పకపోతె ఆ ఇద్దరు ఒక్కటై ఎదురుతిరిగిన సంగతి ఎట్ల చెప్పాలె?"

ఆ నెల తిరక్కుండానే కొలువు పోయింది. సార్ ఇంటి వరండాలో ట్యూషన్ పెట్టారు. మాలో సగం మందిమి అక్కడికే పోయాం. ఇవాళ నేను నెక్కొండ బడిలో ఆ పాఠం ఏదీ దాచకుండా చెప్తున్నానంటే ఆయన చలవే.

మొన్న సార్‌ను తీసేసిన బడివాళ్లే సంతాప సభ పెట్టారు. ఎవరి మనసూ నొప్పించని సౌమ్యుడని యజమాని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండింది. నన్ను పిలిచేముందు, పాత గొడవలు ఎత్తొద్దని చెవిలో చెప్పారు కూడా. నేను మైకు అందుకుని ఆవు కొవ్వు, పంది కొవ్వు అనే మొదలుపెట్టాను. సార్ కొలువు ఎందుకు పోయిందో చెప్తుండగా మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ముందు వరుసలోంచి సార్ కూతురు లేచి నిలబడింది.

"అక్కా, జర గట్టిగ చెప్పు. ఎనుక పిల్లలకు ఇనొస్తలేదు."