భూమి గీసిన గీత

మా అమ్మాయి కొత్త స్కెచ్ పెన్ను మూత తీస్తే చాలు, ఆ రంగు వాసనకు నేను భిలాయి సెక్టర్ నాలుగులోని మా క్వార్టరు వరండాకు వెళ్లిపోతాను. మహారాష్ట్రలో పెద్ద భూకంపం వచ్చిన తర్వాతి చలికాలం అది. పెరట్లో జామకాయలు పండి, అమ్మ ఎండలో వడియాలు పెట్టుకునే రోజుల్లో, ఎనిమిదో తరగతి చదివే మా అక్క సుజాత బడిలో సైన్సు ప్రదర్శన కోసం భూకంపాన్ని కొలిచే యంత్రం తయారుచేసింది.

తిరగేసిన స్టూలు కాళ్ల మధ్య పురికొసతో వేలాడే ఇటుక, దానికి ఆనుకుని గుండుసూది మీద తిరిగే పొడవాటి చీపురుపుల్ల, పుల్ల కొసన స్కెచ్ పెన్ను ములికి, దాని కింద నేను మెల్లగా లాగే కాగితం. నేల కదిలితే స్టూలు కదులుతుంది, బరువైన ఇటుక కదలదు. ఆ కాస్త తేడానే పుల్ల పెద్దది చేసి గీస్తుందని అక్క చెప్పేది.

"భూకంపాన్ని ఇంటికి పిలుస్తావేటే గుంటా?" అని నాయనమ్మ భయపడింది.

సైన్సు మాస్టారు చూసి, "మేజ్ హిలాకే నహీ బేటీ, అస్లీ ఝట్కా దిఖావ్" అన్నారు. బల్ల ఊపితే కుదరదు, నిజంగా నేల అదిరిన గీత తెస్తేనే ప్రదర్శనలో చోటు. అమ్మ రోట్లో కారం దంచినప్పుడు తప్ప మా గీత వంకర పోలేదు. అక్క అన్నం మానేసి కూర్చుంది.

అప్పుడు మా బాబాయి, "మా నందినిలో మద్దేన్నం రాయి పేలుస్తారు కదే, అక్కడికి తెచ్చీ" అన్నాడు. ఆయన అక్కడి సున్నపురాయి గనిలో పనిచేసేవాడు. నాన్న స్కూటరు మీద ఇటుకతో సహా అక్క, బాబాయి బండి వెనక నేను, ఉండబట్టలేక తర్వాతి బస్సులో నాయనమ్మ.

సైరను మోగింది. గని దగ్గరి బాబాయి క్వార్టరు వరండాలో ఎవరూ అడుగు కదపలేదు. నేను కాగితం లాగుతున్నాను. గీత ఉన్నట్టుండి రంపం పళ్లలా లేచింది. ఆ తర్వాతే గాలిలో ధమ్మని మోత వచ్చి గూట్లో గ్లాసులు గలగలలాడాయి.

"మనకి ఇప్పుడినపడింది. దానికి ముందే తెలిసిపోనాది," అంది నాయనమ్మ, ఇటుకకేసి మర్యాదగా చూస్తూ. గాలి కంటే నేలే కబురు త్వరగా తెస్తుందని అక్క వివరిస్తూ వివరిస్తూ నవ్వేసింది, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంది.

ప్రదర్శనలో మాకు రెండో బహుమతి. మొదటిది పొగలు కక్కిన అగ్నిపర్వతానికి. "దాందేటుంది, పొగే కదా," అని నాయనమ్మ వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

మొన్న నందిని వెళ్లాను. బాబాయి ఉన్న క్వార్టర్ల వరుస పోయి తుమ్మచెట్లు మొలిచాయి. నాయనమ్మా లేదు. చెట్ల నీడన కూర్చుని అక్కకు ఫోను చేసి నందినిలో ఉన్నాననగానే, "అక్కడ గ్లాసులు ఇంకా మోగుతున్నాయేటే?" అని అడిగింది.