మా అత్త, ఫట్‌ఫటీ బ్రేకు

మా అత్త పోయింది. మొన్న ఐతారం పొద్దున చాయ్ తాగి, గోడకు ఒరిగి, గట్లనే కన్ను మూసింది. ఎవ్వరినీ తిప్పలు పెట్టకుండ పోయిందని అందరు అంటుండ్రు. బతికినన్ని దినాలు పెట్టిన తిప్పలు నన్నడగాలె.

మాది కొత్తకోట దగ్గర ఊరు. నేను మిషను బడిల పంతులమ్మను, మా ఆయన మిషను దవాఖానల కంపౌండరు. దేశదేశాల లడాయి మొదలైన ఏడు డాక్టరు దొర ఆయనకు పాత ఫట్‌ఫటీ, అదే మోటారు సైకిలు, ఒకటిచ్చి, ఊరూరికి మందులు చేరేసి రమ్మన్నడు. అందరు సంబురపడ్డరు, మా అత్త ఏడ్చింది. మా మామ ఎడ్లబండి తోలేటోడు. ఊరవతలి గుట్ట దిగుడుల బండి ఆగక, ఆ చక్రం కిందనే పడి పోయిండు. గా దిగుడు మీదికెల్లే ఇప్పుడు కొడుకు దినాం పోవాలె. ఉన్నది ఒక్కడే కొడుకు.

"గిది ఆగుతదా, ఆగదా? గదొక్కటి చెప్పు" అని దొరనే నిలేసింది. దొర నవ్వి, బ్రేకు తొక్కి చూపెట్టిండు. బండి ఆగింది గని కీసుమని అరిచింది. ఆ అరుపే మా కొంప ముంచింది.

ఇరుసు కీసుమంటే కందెన పెట్టాలె, ఆమెకు తెలిసింది గదే. తెల్లారి మా ఆయన తానం చేస్తుంటే గిద్దెడు ఆముదం తెచ్చి, రెండు చక్రాలల్ల సందు దొరికినకాడల్ల పోసింది. "సప్పుడు బందైంది సూడు, పంతులమ్మా!" అని మురిసింది. నేను గూడ శభాష్ అన్న. చదువుకున్నదాన్ని గద, నాకేం తెలుసు!

ఆయన గుట్ట దిగుకుంట బ్రేకు తొక్కితే ఫట్‌ఫటీ ఇంక జోరందుకున్నది. గొల్లోళ్ల మందను రెండుగ చీల్చుకుంట పోయి ముండ్లకంపల పడ్డడు. దేవుని దయ, కాలు చెయ్యి ఇరగలే. మా అత్త ఆయన వీపుల ముండ్లు తీసుకుంట, "నా చేతులతోనే సంపుకుందును గద కొడుకా!" అని ఒకటే ఏడుపు. ఆయన బోర్ల పండి, "ఏడిస్తే ఏడువు గని, నిమ్మలంగ తియ్యే అమ్మా" అంటాండు. నాకు భయమైతాంది, నవ్వొస్తాంది.

పాలమూరు నుంచి మిస్త్రీ వచ్చి చక్రాలిప్పిండు. "అమ్మా, ఇరుసు తిరగాలె, దానికి నూనె. బ్రేకు పట్టాలె, దానికి నూనె సుక్క తాకొద్దు" అని ఆముదంల నానిన బ్రేకు పట్టీలు పారేసి కొత్తవి ఏసిండు. మా అత్త పొద్దుమూకేదాంక మిస్త్రీ పక్కనే కూసోని అంత చూసింది.

ఇగ చూస్కోండ్రి. దినాం పొద్దున చక్రం లేపి తిప్పి, చెవు పెట్టి ఇనేది. బ్రేకు తీగల ఒక్క పోగు తెగినా బండి కదలొద్దు. ముందటి బ్రేకు ఒకసారి, ఎనుకది ఒకసారి, దేనికదే చూడాలె. "వాగు దాటినంక రెండుమూడు సార్లు నొక్కుకుంట పో, తడారుతది" అని రోజు చెప్పేది, ఎండకాలం గూడ. ఆముదం ఇంట్లకు రానియ్యలే. పిల్లలకు కడుపు నొస్తే పక్కింట్ల తాపి తోలుకొచ్చేదాన్ని. ఒకసారి చర్చి అయ్యగారు ప్రయాణానికి ప్రార్థన చేయబోతే, "జర ఆగుండ్రి అయ్యగారూ, బ్రేకు చూడనియ్యండ్రి. కరాబు బ్రేకు పెట్టుకొని ప్రభువును తిప్పలు పెట్టుడు మంచిగుండదు" అన్నది. అయ్యగారు మూసిన కండ్లు తెరిచి కూసున్నడు. నవ్వితే నవ్విన గని, ఇన్నేండ్లు నా మొగడు పానంతోటి ఇంటికొచ్చిండంటే ఆమె చలవే. గీ మాట ఆమె ఉన్నప్పుడు చెప్పలే, గదే నా బాధ.

తను మాత్రం బండెక్కలే. "నా చెయ్యి మంచిది కాదు" అనేది. రెండు నెలల కింద కొడుకు అలిగిండు. "నువ్వు చూసిన బ్రేకు నువ్వే నమ్మకుంటే నేనెట్ల నమ్మాలె?" అన్నడు. మా అత్త లేచి రెండు బ్రేకులు మళ్ల మళ్ల చూసి, ఎనుక ఎక్కి కూసున్నది.

నేను దిగుడు కింద నిలబడ్డ. సగం దిగినంక, మామ పడ్డ జాగల, "ఆపు!" అని కేకేసింది. బండి ఆగింది. నిమ్మలంగ దిగి, కొంగు నడుముకు చెక్కి, కొడుకు బ్రేకు పట్టుకోని కూసున్న బండిని ఎనుక నుంచి రెండు చేతులతోని కిందికి నూకింది. కదలలే. భుజం ఆనిచ్చి నూకింది, మన్నుల కాళ్లు జారుతున్నా పండ్లు కొరుక్కొని నూకింది. "ఏందమ్మా, నన్ను పడగొడతవా!" అని కొడుకు మొత్తుకుంటాండు. బండి ఇంచు కదలలే. మా అత్త ఆ దిగుడు నడుమ చతికిలబడి, కండ్లనిండ నీళ్లతోని కిలకిల నవ్వుతాంది.