ఒకేలాంటి ఆరు డబ్బాలు

మా అమ్మమ్మ ఏం పని చేస్తుందని ఎవరడిగినా "ముసలాళ్ళ చేత చాకిరీ చేయిస్తుంది" అంటాను. వెంటనే నా నెత్తిన మొట్టికాయ పడుతుంది. అబద్ధమేం కాదు. ముప్పయ్యేళ్ళుగా ఆవిడ పని అదే. అంతకుముందు ఆసుపత్రిలో ఆయా. తుంటి ఎముక అతికించుకుని వెళ్ళిన పెద్దవాళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ విరగ్గొట్టుకొస్తుంటే, "జబ్బు వీళ్ళలో లేదే, వీళ్ళ ఇళ్ళల్లో ఉంది" అని ఆ కొలువు మానేసి ఇళ్ళమీద పడింది. గడపలకి రంగు పట్టీలు కొట్టించింది, స్నానాలగదుల్లో కడ్డీలు బిగించింది, అటకమీది సామానంతా చేతికందేలా దింపింది. చెయ్యి మాత్రం ఇవ్వదు. "నేను లేపితే నేనుంటేనే లేస్తారు" అంటుంది. తొమ్మిదో తరగతితో చదువుకి నీళ్ళొదిలిన నేను ఆవిడ స్కూటరు నడుపుతాను.

బట్టలు కుట్టి బతికిన మా టైలరమ్మకి ఇప్పుడు ఎనభై ఒకటి. వెలుగూ నీడా తప్ప కంటికేమీ ఆనదు. ఒక్కతే ఉంటుంది. ఒకసారి పొయ్యిమీద గిన్నె మాడేసరికి కొడుకు హడలిపోయి వృద్ధాశ్రమంలో చోటు మాట్లాడేశాడు. టైలరమ్మ రెండు రోజులు ముద్ద ముట్టలేదు. అమ్మమ్మ మధ్యలో దూరింది.

"మూడు నెలలు ఆగు బాబూ. నీ కళ్ళముందు ఒక్కతే టీ కాచి ఇస్తుంది. ఇవ్వలేకపోతే ఆ వచ్చే శనివారమే ఆశ్రమానికి తీసుకుపో. నేను పెదవి కూడా కదపను."

మూడు నెలలూ టైలరమ్మ చేతులకి చూపు నేర్పింది. చదరపు డబ్బాలో టీపొడి, సొట్ట డబ్బాలో చక్కెర, పొడుగు సీసాలో ఉప్పు. తడిమితే చాలు, తెలిసిపోతుంది.

గడువు తీరిన ఉదయం ఆవిడ వంటగదిలో అడుగుపెట్టగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. గట్టు తళతళలాడుతోంది. పాత డబ్బాల్లేవు. ఆరు కొత్త ప్లాస్టిక్ డబ్బాలు, ఒకే ఎత్తు, ఒకే మూత, కవల పిల్లల్లా.

"అమ్మ స్నానం చేస్తుంటే సర్దేశాను పిన్నిగారూ. ఆ తుప్పు డబ్బాలతో ఏం అవస్థ పడుతుందని" అన్నాడు కొడుకు మురిసిపోతూ.

అమ్మమ్మ నోరు తెరిచేలోపే టైలరమ్మ గట్టు అంచు పట్టుకుని వచ్చేసింది. పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. ఇక మాట్లాడితే, ఒక్కతే కాచాలన్న ఒప్పందం పోయినట్టే.

టైలరమ్మ చెయ్యి చాచింది. గుండ్రం. పక్కది తడిమింది. అదీ గుండ్రమే. మూడోది. మళ్ళీ మొదటిదానికి వచ్చింది. పాలు పొంగడానికి వస్తున్న చప్పుడు. పొయ్యి గుర్తుచేద్దామని నేను దగ్గబోయాను. అమ్మమ్మ నా జబ్బ పట్టుకుని గిల్లింది చూడండి, ఆ మచ్చ వారం పోలేదు. కొడుకు ఒక అడుగు ముందుకేశాడు. అమ్మమ్మ అడ్డంగా నిలబడింది.

టైలరమ్మ వెతకడం ఆపింది. చెయ్యి వెనక్కి తీసి, ముందు పొయ్యి కట్టేసింది. తర్వాత తీరిగ్గా ఒక్కో మూతా తీసి వాసన చూసింది. ఒకదాంట్లో వేలు పెట్టి నాలిక్కి రాసుకుని, "థూ, ఉప్పు" అంది.

"ఎవడ్రా నా గట్టుమీద చెయ్యి పెట్టింది?"

"నేనేనమ్మా. నీకు బాగుంటుందని..."

"బాగుంటుందనా, పంపేద్దామనా?"

కొడుకు ఒక అడుగు వెనక్కి వేశాడు. మళ్ళీ పొయ్యి వెలిగింది. టీ వచ్చింది. ఒక్క చుక్క కింద పడలేదు. రెండు గుక్కలు తాగి కొడుకు గ్లాసు పక్కన పెట్టాడు.

"నేనైతే ఆ కంగారులో పొయ్యి సంగతే మర్చిపోయేవాణ్ణి. శనివారం రామని ఆశ్రమం వాళ్ళకి చెప్పేస్తానమ్మా. పాత డబ్బాలు చెత్తబండిలో వెళ్ళిపోయాయి, అవే రకం వెతికి తెస్తాను."

"ఎందుకూ? నా గుండీల పెట్టె ఇలా తే. మూతకో రకం గుండీ అంటిస్తే సరి."

ఇంటికొచ్చే దారంతా అమ్మమ్మ నా వెనక కూర్చుని గొణుగుతూనే ఉంది.

"ముప్పయ్యేళ్ళ అనుభవమే నాది! గుండీల సంగతి నాకెందుకు తట్టలేదే?"

"నువ్వూ నాలాగే మధ్యలో చదువు మానేశావుగా" అన్నాను. బండి నడిపేవాళ్ళని కొట్టకూడదని కూడా చూడలేదు.