పసుపునీళ్ళు తాగిన రాయి

మొన్న కడపలో మందులు కొనుక్కుని బస్టాండుకు నడిచి వస్తుంటే దారిలో ఎవరో ఇనుప గేటు కోస్తున్నారు. నిప్పురవ్వలు రోడ్డు మీదికి ఎగిరి పడుతున్నాయి. కాలిన ఇనుము వాసన, అందులో కలిసిపోయి అరిగిన రాయి పొడి వాసన, రెండూ ఒకేసారి ముక్కుకు తగిలేసరికి ఎండలో అట్లాగే నిలబడిపోయాను. అది మా నాయన చొక్కా వాసన. సాయంత్రం ఇంటికొచ్చి నన్ను ఎత్తుకుంటే మెడ దగ్గర నుంచి వచ్చే వాసన. నాకు చదువు పెద్దగా రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది, అందుకని తోచిన వరుసలో చెప్పుకుంటూ పోతాను.

మా ఇల్లు రాజంపేట రోడ్డు మీద, ఊరు దాటాక. ఇంటి ముందే రేకుల షెడ్డు, అందులో నాయన గ్రైండింగు మిషన్. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి ఎత్తుకుని లారీలు మా ముందే పోయేవి. ఎండాకాలం వచ్చిందంటే ఆ బరువుకూ ఆ వేడికీ ఏదో ఒక లారీ ఇంజను పొగలు కక్కుతూ ఆగేది. ఇంజను మీద మూతలాగా ఉండే ఇనుప హెడ్డు వేడికి వంగిపోయేది. దాన్ని విప్పి, గోనెసంచిలో చుట్టి, ఇద్దరు మోసుకుని మా షెడ్డుకు తెచ్చేవారు. నాయన దాన్ని మిషన్ బల్ల మీద పెట్టి, పైన తిరిగే రాయి కింద అటూ ఇటూ నడిపించేవాడు. పాలలాంటి సబ్బునూనె నీళ్ళు దాని మీద కారుతూ ఉండేవి. పొద్దున గరుకుగా, నల్లగా వచ్చిన ఇనుము మధ్యాహ్నానికి అద్దమైపోయేది. నేను వంగి అందులో ముఖం చూసుకునేదాన్ని. డ్రైవర్లు మామిడికాయల కాలంలో బనగానపల్లె పండ్లు సంచుల్లో తెచ్చి ఇచ్చేవారు. గడ్డిలో మాగేసిన ఆ పండ్ల వాసనా మిషన్ నూనె వాసనా కలిసిన గాలే నా చిన్నతనమంతా.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పని రాయి మార్చడం. సంకటి తట్ట అంత ఉండే రాయి అరిగి అరిగి చిన్న పళ్ళెం అంత అయ్యాక నాయన మూత విప్పేవాడు. నట్టు అన్నింటిలాగా కాకుండా ఎదురు వైపుకు తిరిగేది. పాత రాయి తీసి, దాన్ని పట్టి ఉంచే రెండు ఇనుప బిళ్ళలనూ గుడ్డతో తుడిచి, కొత్త రాయి మధ్య రంధ్రంలో వేలు దూర్చి గాలిలో వేలాడదీసి, స్క్రూడ్రైవర్ కట్టె పిడితో నాలుగు పక్కలా మెల్లగా తట్టేవాడు. మంచి రాయి అయితే కంచు గిన్నెలాగా ఖణ్ మని పలికి, ఆ మోత కాసేపు గాలిలో నిలిచేది. లోపల కంటికి కనపడని బీట ఉంటే పగిలిన కుండలాగా డబ్ మనేది. నా చెవి దగ్గర పెట్టి, “పలికిందా పాపా?” అని అడిగేవాడు. పలికింది అంటేనే బిగించేవాడు. బిళ్ళకూ రాయికీ మధ్య మందపాటి కాగితపు అట్ట పెట్టేవాడు, ఇనుము నేరుగా నొక్కితే రాయి చిట్లుతుందని. బిగించాక అందరినీ బయటికి తోలి, తాను పక్కకు నిలబడి మిషన్ వేసి, కాసేపు ఊరికే తిరగనిచ్చేవాడు. ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడకూడదు. మేము వేపచెట్టు కింద నిలబడి, ఆ మోత సన్నగా, నున్నగా అయ్యేదాకా చూసేవాళ్ళం. ఆ తర్వాత ఇనుప కడ్డీ చివర పొదిగిన వజ్రపు ముక్కతో రాయి ముఖం చెక్కేవాడు. ఆవగింజంత ఉన్నా అది నిజం వజ్రమే. అమ్మ గడపలో నిలబడి మూతి తిప్పేది.

“నా ముక్కుకు రాగి పుల్లంట, రాయికేమో వజ్రమంట. దాన్నే పెండ్లి చేసుకోకపోయినావా!”

“అది నీలాగా తిట్టదు కదమ్మే” అనేవాడు నాయన.

ఆయుధపూజ మా ఇంటికి పెద్ద పండగ. ముందురోజు నుంచే అమ్మ ఓళిగలకు శనగపప్పు ఉడకేసేది. ఉద్దివడల పిండి రుబ్బుతుంటే రోలు పక్కన కూర్చుని నేను ఉల్లిగడ్డలు తరిగేదాన్ని. బొరుగులు, బెల్లం, శనగ గుగ్గిళ్ళు పళ్ళేల నిండా. షెడ్డు కడిగి, మిషన్ తుడిచి, ఇనుప ఒళ్ళంతా పసుపు కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఆ రోజంతా దాన్ని ముట్టుకోకుండా వదిలేసేవాళ్ళం. మనిషికి లేని సెలవు దానికి ఉండేది. నాయన బొట్లన్నీ మిషన్ మీదే పెట్టేవాడు, ఆగి ఉన్న రాయిని మాత్రం తడి తాకనిచ్చేవాడు కాదు. ఎందుకో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ ఏడు పండగకు రెండు రోజుల ముందు బస్సులో కొత్త రాయి వచ్చింది. పండగ పొద్దున విప్పుదామని కాగితం కూడా తీయకుండా దేవుడి గూట్లో పెట్టారు. ఆ పొద్దున నాయన గుమ్మడికాయ తేవడానికి పోయాడు. అమ్మ రాయిని గూట్లోంచి తీసింది. ఇత్తడి దీపానికి ఎట్లా చేస్తుందో, నాకు నూనె తలంటి ఎట్లా పోస్తుందో, అట్లాగే దానికి చెంబులు చెంబులుగా పసుపునీళ్ళు పోసింది. ఆ రాయి మామూలు రాయి కాదు, చిన్న చిన్న రంధ్రాల రాయి. పోసిన నీళ్ళు కారిపోకుండా లోపలికే దిగిపోయాయి. అమ్మకు అది వింతగా, ముచ్చటగా అనిపించింది. “చూడు పాపా, ఎంత దప్పికతో ఉండాదో” అంటూ ఇంకో చెంబు పోసి, పసుపు ముద్ద మెత్తి, కుంకుమ పెట్టింది. బూడిద రంగు రాయి బంగారం ముద్దలాగా అయింది.

నాయన వచ్చి చూసి గడపలోనే ఆగిపోయాడు. తిడతాడనుకున్నాను. అమ్మ ముఖంలో సంతోషం చూసి, “శానా బాగుండాది మే” అన్నాడు. పూజ కాగానే దాన్ని తీసుకుపోయి గోడ మీద ఎండలో నిలబెట్టాడు, అంతే.

పండగ అయిన మూడోనాటికి మాబు మామ లారీ మా ముందే ఆగింది. ఆయన నాయనకు చిన్ననాటి స్నేహితుడు, నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. హెడ్డు విప్పి షెడ్డులో దించారు. పాత రాయి అరిగిపోయి ఉంది. కొత్తది తీసి నాయన వేలికి వేలాడదీసి తట్టాడు.

డబ్ మంది.

“నాయనా, ఇది పలకలా” అన్నాను.

ఇంకో పక్క తట్టాడు. అదే మోత. రాయి వాసన చూశాడు, చెంపకు ఆనించుకున్నాడు. “తడి పోలేదు పాపా. నీళ్ళు తాగిన రాయికి గొంతు పూడుకుంటాది” అన్నాడు. అది అబద్ధం కాదు, తడి రాయి నిజంగానే పలకదు.

“ఏమన్నా, పసుపు పూసుకుని పెండ్లికూతురైనాది, పలకడానికి సిగ్గుపడతాండాదిలే” అని మాబు మామ నవ్వాడు. నాయనా నవ్వాడు. అమ్మ కూడా గడపలోంచి నవ్వింది. మేము నలుగురం కలిసి నవ్వుకున్నది అదే ఆఖరు.

అట్టలు పెట్టి, బిగించి, మమ్మల్ని బయటికి పంపాడు. మిషన్ వేశాడు. మోత నున్నగా కాలేదు. తడి ఒక పక్కనే ఉన్న రాయి బరువు తేడాతో ఊగుతుందంటారు. బల్ల వణకడం మాకు చెట్టు కిందికే తెలిసింది. నాయన పక్కకే నిలబడి ఉన్నాడు. వణుకు ఎక్కువయ్యేసరికి ఆపేద్దామని స్విచ్చు కోసం ముందుకు వంగాడు. అప్పుడు పేలింది. రేకు కప్పు చిరిగి ఆకాశం కనపడింది. పసుపు పొగలాంటి దుమ్ములోంచి నాయన ముఖం రెండు చేతులతో మూసుకుని నడుచుకుంటూ బయటికి వచ్చాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. మాబు మామ ఆయన్ని రెండు చేతులా ఎత్తుకుని ఏదో లారీ ఎక్కించాడు. అమ్మ మాత్రం నిలబడిన చోటనే, తన అరచేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయింది. అరచేతులు పండగనాటి పసుపుతో ఇంకా పచ్చగానే ఉన్నాయి.

నాయన బతికాడు. కుడి కన్ను పోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన చేసిన మొదటి పని షెడ్డులో రాయి పెంకులు ఏరడం. ఒక ముక్క తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. విరిగిన చోట్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి కానీ ఒక చోట మాత్రం లోపలిదాకా ముదురు పసుపు గీత.

“చూడు మే. ఈ బీట ముందే ఉండాది. ఉండబట్టే నీ పసుపు దాంట్లోకి దిగింది. బస్సులో యాడో దెబ్బ తగిలుంటాది. అది డబ్ మని చెప్తానే ఉండాది, నేనే ఇనలా. తప్పు నాది.”

అమ్మ ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. “దీని లోపలికి పోయింది నా చేతి పసుపే కదప్పా. అదే పగలగొట్టింది” అంది.

ఒకే గీతను ఇద్దరూ చూశారు. ఆయనకు అది అమ్మ తప్పు లేదని చెప్పింది. అమ్మకు తన తప్పేనని చెప్పింది. ఆ తర్వాత ఆయన ఎన్ని విధాల చెప్పినా ఆమె వినలేదు.

ఆ రోజు నుంచి అమ్మ పసుపు ముట్టలేదు. కాళ్ళకు లేదు, ముఖానికి లేదు, తాళికి లేదు, గడపకు లేదు. మా ఇంట్లో పప్పు కూడా తెల్లగా ఉండేది. మొగుడు ఉండగానే పసుపు మానేసిన ఆడదాన్ని ఊరు ఊరుకుంటుందా? పేరంటాలకు పిలవడం మానేశారు. బోరింగు కాడ మా పెద్దమ్మే అందరూ వినేలా, “యాలప్పా ఈ యేషం, మొగుడు గుండ్రాయి మాదిరి ఉండాడు కదా!” అనేది. అమ్మ బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఒక కంటితో కొలత కుదరక నాయన మిషన్ అమ్మేసి, ముగ్గురాయి గుట్టల కాడ కాపలాకు పోయాడు. తెల్లటి దుమ్ము కొట్టుకుని ఇంటికి వచ్చేవాడు. ఆయన చొక్కాకు పాత వాసన పోయింది.

ఒక శుక్రవారం పొద్దున నేను లేచేసరికి నాయన రోట్లో పసుపు కొమ్ములు దంచుతున్నాడు. మగవాడు దంచడం చూసి నాకు నవ్వొచ్చింది. నీళ్ళతో కలిపి గిన్నెలో తెచ్చుకుని, పొయ్యి ముందర కూర్చున్న అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

“నా కోసరం పెట్టుకో. నేను బతికే ఉండా కదా” అన్నాడు.

అమ్మ కాళ్ళు చీర కిందికి లాక్కుంది. “నా కోసరం నీ కన్ను తెచ్చియ్యి. పెట్టుకుంటా.”

నాయన గిన్నె తీసుకుపోయి ఆ పసుపంతా గడపకు తానే పూశాడు. అమ్మ దాన్ని కడగలేదు, దాటనూ లేదు. అది ఎండి రాలిపోయేదాకా పెరటి దారినే నడిచింది.

నాకు పెండ్లయి, పిల్లలు పుట్టాక నాయన పోయాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము అన్నారు. మా పక్క ఆచారం తెలిసిందే. మొగుడు పోయిన ఆడదాన్ని కూర్చోబెట్టి, ఆఖరుసారి పసుపు కుంకుమలతో, పూలతో, గాజులతో సింగారించి, ఆ తర్వాత అన్నీ తీసేస్తారు. అమ్మ దగ్గరికి పోవడానికి ఆడవాళ్ళు జంకారు. ఎన్నో ఏళ్ళుగా పసుపు వద్దన్న మనిషి, ఇప్పుడేమంటుందోనని. పెద్దమ్మ పసుపు గిన్నె పట్టుకుని దూరంగానే నిలబడింది.

“నిలబడినావేమక్కా? రా, పెట్టు” అంది అమ్మ. “మొగానికి పెట్టు. కాళ్ళకు గూడా పెట్టు. బాగా పెట్టు. ఆయప్ప ఎన్నోతూర్లు అడిగినాడు, నేనే ఇయ్యలా.” పెద్దమ్మ ఆ పాదాలను మడమల దాకా పచ్చగా చేసింది. అమ్మ కాళ్ళు చాపుకుని, నాయనను పడుకోబెట్టిన వైపుకు తిప్పి, ఏడవకుండా చాలాసేపు అట్లాగే కూర్చుంది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, రోడ్డు పెద్దది చేసినప్పుడు పోయింది. వేపచెట్టూ దాంతోపాటే. లారీలు ఆగడం లేదు. ఆగినా హెడ్డు విప్పి మరమ్మతు చేయించే ఓపిక ఎవరికీ లేదు, కొత్తది తెచ్చి వేస్తారు. మాబు మామ లేడు, అమ్మా లేదు. మా ఆయన పోయిన రోజు నన్నూ అట్లాగే కూర్చోబెట్టి పూశారు. తడి పసుపు ఎంత చల్లగా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. ముఖం మీద అది ఆరి బిగుసుకుంటుంటే, ఏడవాలన్నా చెంపలు కదలవు. అమ్మ ఆ రోజు ఎందుకు ఏడవలేదో నాకు అప్పుడు కొంత అర్థమైంది. మిగిలినది ఇప్పటికీ కాలేదు. పచ్చటి ఆ పాదాలు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంటాయి. నేను చూశాను, ఊరంతా చూసింది. నాయనకు మిగిలిన ఒక్క కన్నూ అప్పటికే మూసి ఉంది.