పెట్టెలమ్మ మేకు కొట్టనివ్వలేదు

ఆ కొండల్లో జింకు కోసం వెతికేవాళ్ళలో చదువుకున్నవాళ్ళు నలుగురు, మిషను తిప్పేవాళ్ళు డజను మంది, పెట్టెలమ్మ ఒక్కతే. మిషను భూమిని తొలిచి బయటికి తీసిన గుండ్రటి రాతికడ్డీలను కడిగి, చెక్కపెట్టెల్లో లోతు ప్రకారం వరసగా ఉన్నాయో లేదో సరిచూడటం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా అదే. ఈలోగా పెద్దసార్లు ఐదుగురు మారారు. ఆమె నోరు మాత్రం మారలేదు. ఆ నోటికి జడిసి సిగరెట్టు కాల్చేవాళ్ళు పెట్టెల షెడ్డు ఛాయలకే వచ్చేవారు కాదు.

పదకొండో బోరు మూడువందల పన్నెండు మీటర్ల దగ్గర ఆపేశారు. చివరి మూడు మీటర్లలో పైన ఒక్క మీటరు తేనెరంగు జింకురాయి, కింద రెండు మీటర్లు ఉత్త తెల్లరాయి. "ఇక్కడితో సరుకు అయిపోయింది" అని పెద్దసారు తేల్చేశాడు. క్యాంపు ఎత్తేస్తున్నారు. మధ్యాహ్నానికి మిషను లారీ ఎక్కి కొండ దిగిపోతుంది.

ఆ చివరి పెట్టె వచ్చిన రోజు పెట్టెలమ్మ జ్వరంతో పడుకుంది. ఇప్పుడు మూత వేసే ముందు అలవాటుకొద్దీ తడిగుడ్డతో తుడిచింది. చెయ్యి ఆగిపోయింది. రాతికడ్డీని పైకి తెచ్చే గొట్టం అడుగున దాన్ని జారకుండా పట్టి ఉంచే స్ప్రింగు ఒకటి ఉంటుంది. అది ప్రతి కడ్డీకీ కింది కొసన సన్నటి గీతలు పెడుతుంది. ఈ పెట్టెలో గీతలు పై కొసన ఉన్నాయి!

ఆమెకు విషయం ఇట్టే తట్టింది. గొట్టం ఒంపితే ముందు జారిపడేది అట్టడుగు రాయి. దాన్ని పెట్టెలో చివర పెట్టాలి. ఎవరో హడావుడిలో ముందు పెట్టేశారు. అంటే తెల్లరాయి పైది, జింకు అడుగుది. సరుకు తగిలిన చోటే బోరు ఆపేశారన్నమాట.

ఆ ఎవరో పరాయివాడైతే బాగుండేది. ఆ షిఫ్టులో మిషను తిప్పి, రాళ్ళు పెట్టెలో పేర్చింది ఆమె సొంత మరిది. ఆమె పెళ్ళయి అత్తవారింటికి వచ్చిన నాటికి వాడు పలక పట్టుకు తిరిగేవాడు. ఇంతవాణ్ణి చేసింది ఆమే.

పిలిచి చూపించింది. వాడి మొహం పాలిపోయింది.

"వానలో కంగారుపడ్డాను వదినా. ఊరుకో, నీకు పుణ్యముంటుంది. తెలిస్తే నన్ను పనిలోంచి తీసేస్తారు."

"ఊరుకుంటే కొండనే తీసేస్తున్నారు కదరా!"

అంతలో వడ్రంగి మేకులతో వచ్చాడు. పెట్టెలమ్మ వెళ్ళి ఆ పెట్టె మీద బైఠాయించింది. బతిమాలినా లేవలేదు, బెదిరించినా లేవలేదు. చివరికి పెద్దసారే వచ్చాడు.

"ఏంటమ్మా ఈ గొడవ? రాళ్ళ గురించి నాకు పాఠాలు చెబుతావా?"

"రాళ్ళ గురించి మీకే తెలుసు సార్. పెట్టెల గురించి నాకు తెలుసు. ఇది తిరగబడింది."

ఆమె లేచి, దీనికి ముందు లోతు పెట్టెలోని ఆఖరి ముక్క తీసింది. పెద్దసారు కళ్ళముందే దానికి ఈ పెట్టెలో మొదటి ముక్క ఆనించింది. అతకలేదు. చివరనున్న తెల్లముక్కను తిప్పి ఆనించింది. విరిగిన చోటు విరిగిన చోట్లో పంటికింద పన్నులా కూర్చుంది.

"ఎవడు పేర్చాడిది?" అన్నాడు పెద్దసారు.

మరిది తల దించుకున్నాడు. "నేనే సార్."

"నువ్వు సామాను సర్దుకో."

పెట్టెలమ్మకు ఒళ్ళు మండింది. "వాడు తిరగేసి పెట్టాడు, నిజమే. మీరు వారం రోజులు దీన్ని చూసి రిపోర్టు రాశారు. గీతలు మీకూ కనపడలేదు. సర్దుకుంటే ఇద్దరూ సర్దుకోవాలి సార్."

పెద్దసారు ఎర్రబడ్డాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతలు చాలాసేపు తడిమాడు. తర్వాత బయటికి వెళ్ళి, లారీని ఖాళీగా పంపేయమన్నాడు. మరిది మాట మళ్ళీ ఎత్తలేదు.

మిషను మళ్ళీ బిగించారు. మూడు రోజులపాటు మరిది వదిన వైపు కన్నెత్తి చూడలేదు. నాలుగోనాడు కొత్త గొట్టం పైకి వచ్చింది. మూడు మీటర్లూ తేనెరంగే. వాడే పెట్టె మోసుకొచ్చి ఆమె ముందు దించాడు.

"అందరి ముందూ నా పరువు తీశావు వదినా."

"పరువు పోతే మళ్ళీ తెచ్చుకుంటావురా. ఆ మిషను కొండ దిగితే మళ్ళీ ఎక్కేది కాదు."

వాడు బకెట్టు తీసుకుని, ఆ రాళ్ళు కడగడానికి నీళ్ళకు వెళ్ళాడు.