ఇంటి సాలు మిర్పకాయలు

చిలుకను ఇంటికి తెచ్చిననాడు మనిషికి ఉన్న ప్రేమ మూణ్ణెల్లకు ఉండదు. పుష్పాబాయి ఎప్పుడూ అనే మాట ఇది. అనుడేంది, కండ్లార సూసింది. మఠంపల్లి దిక్కు తండాల ఆమె ఇంటి ముందట నాలుగు చిలుకలుండేటివి. అండ్ల ఒక్కటి కూడ ఆమె కొన్నది కాదు.

మొదటిది దొరసాని. రోడ్డు పనికి మోడు తాటిచెట్టును కూలగొడితె తొర్రల నుంచి పడ్డ పిల్ల. మూడు పడితె రెండింటిని పెరుగన్నం పెట్టి పుష్పాబాయే పోగొట్టుకున్నది. పాలు, పెరుగు పిట్టకు అరగవని ఆమెకెవరు చెప్పిండ్రు? మిగిలినదానికి ఒక కాలు సొట్ట. అయినా గడీల దొరసాని తీర్గ మెడ నిక్కించి నడుస్తది, గందుకే ఆ పేరు. ఇంకో రెండు, రెక్కలు కత్తిరించినయి. కోదాడల ఎవరో ఇల్లు మారుకుంట పంజరంతో సహా గేటుకాడ ఇడిసిపోయిండ్రు. తీసుకపోతే కొత్తింట్ల గోడలు పాడైతయట! నాలుగోది వలల చిక్కి రెక్క ఇరిగినది. ఇగ ఎవలకు చిలుక దొరికినా, ఎవలకు మోజు తీరినా, "పుష్పాబాయికియ్యుండ్రి, ఆమె సూసుకుంటది" అనుడే. ఆమెనన్న అడిగిండ్రా? అడగలే. ఆమెనన్న వద్దన్నదా? అనలే.

సాకుడంటే మాటలా? పొద్దుగాల లేచి నాలుగు గిన్నెలు తోమాలె, నానిన శనగలు పొయ్యాలె, పంజరం కింద పేపరు మార్చాలె, పిల్లి రాకుంట తడక అడ్డం పెట్టాలె. పెండ్లికి పోతే అన్నం తిన్న చెయ్యి ఆరకముందే మర్లి రావాలె. ఆరేండ్ల నుంచి ఆమె చుట్టాల ఇంట్ల ఒక్క రాత్రి నిద్ర చెయ్యలే. "నాకు చేస్తే పుణ్యమన్న వస్తుండె" అని మొగడు పాండు ఎక్కిరించేటోడు. ఎక్కిరించుకుంటనే తడకకు తీగె సుట్టేటోడు.

దొరసాని ఆమెను "యాడీ" అని పిలుస్తది. తండాల అమ్మను పిలిచే పిలుపు అది. బిడ్డ కావ్య పిలుస్తుంటే ఇని నేర్చుకున్నది. కావ్య సూర్యాపేట హాస్టల్‌కు పోయినా పిలుపు ఇంట్లనే ఉండిపోయింది. అది "యాడీ" అంటే ఈమె "ఆఁ బిడ్డా" అనాలె. అనకపోతే గింజ ముట్టదు, మొండిది.

ఇగ చిలుకకు మిర్పకాయ మీద ఉండే పాణం గురించి చెప్పేదేమున్నది. పుష్పాబాయి కొండల్ పటేలు చేన్ల కాయలేరే కూలికి పోతది. మిర్పచేనంటే మందుల చేను, వారం తిరిగితే పిచికారి. గందుకే బాయి పక్కపొంటి రెండు సాళ్లు మందు తగలకుంట ఇడుస్తరు, తమ ఇంట్ల తినేటందుకు. వాటిని ఇంటి సాళ్లంటరు. ఊరికి అమ్మేది ఒకటి, ఇంటికి వండేది ఒకటి, గట్లున్నది లోకం. కొండల్ మాత్రం మంచోడు. "నీ చిలుకలకు ఇంటి సాలుల నాలుగు కాయలు తెంపుకో పో" అని ఏనాడో చెప్పిండు. ఆరేండ్లల్ల ఆమె వాటి కోసం వేరే సాలుల చెయ్యి పెట్టలే.

ఆనాడు పెట్టింది.

శివరాత్రి ఎల్లి వారమైంది. ఒంటిగంట ఎండకు నెత్తి మాడిపోతున్నది. కూలోళ్ల ఆటో హారన్ మీద హారన్. ఇంటి సాళ్లు చేనుకు ఆ చివరన ఉన్నయి. "వస్తవా, రావా? నీ చిలుకలేమన్న నవాబులా?" అని ఆటోల నుంచి రంగి ఒర్రింది. పుష్పాబాయి పక్కనున్న సాలుల నుంచే నాలుగు పచ్చికాయలు తెంపి కొంగున ముడేసుకున్నది. నిన్న మందు కొట్టిన సాలు. ఆమెకెరుకే. ఇంటికి పోయి మంచిగ కడిగి పెడదామనుకున్నది. ఇంటికి పోతే నల్లా నీళ్లు రాలే, బిందెల చుక్క నీళ్లు లేవు. చిలుకలు నాలుగూ కడ్డీలు కొరుకుతూ మొత్తుకుంటున్నయి. కాయలను కొంగుకు తుడిచి పెట్టింది. కూరకైతే పక్కింట్ల అడిగి తెచ్చయినా కడుగుతుండె. అయ్యో, కడుగుతుండె!

గంట కాలే, ఇరిగిన రెక్కది కింద పడ్డది. నోట్లె నుంచి సొంగ, ఒళ్లంత వణుకు. దాన్ని చేతుల పట్టుకునేలోపల కత్తిరించిన రెక్కలదొకటి మెడ వాల్చింది. రెండూ ఆమె ఒళ్లెనే పోయినయి. మిగిలిన రెండింటిని వెదురుబుట్టల పెట్టి, మీద తువ్వాల కప్పి, దొరికిన ఆటో, దొరికిన బస్సు పట్టుకొని కోదాడ పశువుల దవాఖానకు ఉరికింది. చెప్పులు కూడ తొడుక్కోలే.

డాక్టర్ ఊళ్లకు పోయిండు. కాంపౌండర్ మహేశ్వర్ తువ్వాల ఎత్తి సూసి, "ఏం తిన్నాయమ్మా? మందు తగిలినవి ఏమన్నా పెట్టారా?" అని అడిగిండు.

పంజరం కింద ఏరుకొచ్చిన తొడిమల ముడి ఆమె కొంగుకు ఉన్నది. దాన్ని పిడికిట్ల దాసుకున్నది.

"లేదు సారూ. ఎండ దెబ్బ తగిలింది."

ఎందుకు చెప్పలే? కేసు భయమా? కాదు. తన చేతులతోనే పెట్టిన్నని చెప్పేటందుకు నోరు రాలే, అంతే. నలుగురూ తెచ్చి అప్పజెప్పిన పాణాలు, ఆమె సూసుకుంటదన్న పాణాలు. మహేశ్వర్ నమ్మిండు. గ్లూకోజ్ నీళ్లు చుక్కచుక్క పోసి, "మిర్యాలగూడలో సాంసన్ గారని కోళ్ల డాక్టరు ఉన్నారు, ఆయనకు చూపించండమ్మా" అన్నడు.

హుజూర్‌నగర్ దాటినంక మూడోది పోయింది. బస్సుల ఎవలకూ తెల్వకుంట పుష్పాబాయి దాని మీద కొంగు కప్పింది. బుట్టల నుంచి దొరసాని సన్నగ "యాడీ" అన్నది. "ఆఁ బిడ్డా" అన్నది ఈమె. మళ్ల పిలిచింది, మళ్ల పలికింది. ముందల సీటోళ్లు మర్లి సూసిండ్రు. మిర్యాలగూడ దాక ఆమె పలుకుతనే ఉన్నది. పలకకపోతే అదెక్కడ ఆగిపోతదోనని.

సాంసన్ డాక్టర్ దాని కండ్ల మీద టార్చిలైటు కొట్టి సూసిండు.

"ఎండ దెబ్బ కాదమ్మా ఇది. నాకు అబద్ధం చెప్తే నాకేం పోదు. దీని పాణం పోతది."

గప్పుడు పుష్పాబాయి కొంగు ముడి ఇప్పింది. నాలుగు తొడిమలు బల్ల మీద పడ్డయి. చిలుకలు కొరికి ఇడిసిన తొడిమలు. "నిన్న మందు కొట్టిన కాయలు సారూ. నేనే పెట్టిన. కడగలే" అన్నది.

డాక్టర్ లేచి బీరువ తెరిచిండు. విరుగుడు సూది ఏసిండు, గంటకు మళ్ల ఇంకోటి ఏసిండు. బాగ రాత్రయ్యేటాళ్లకు వణుకు ఆగింది. చేతులు కడుక్కుంట అడిగిండు, "ఇంకా ఏ దవాఖానకన్న పోయినవా?"

"కోదాడకు."

"ఈ సూది గాడ బీరువల ఉంటది. బర్లు మందుగడ్డి తింటే ఏసేది ఇదే. చెప్పి ఉంటే..." అని ఆమె మొకం సూసి ఆగిపోయిండు. ఆగినా ఏం లాభం? మాట అందనే అందింది. బుట్టల చల్లబడ్డ మూడోదాన్ని తీసి ఆమె గుండెకద్దుకున్నది. అదెంత బరువుంటది, గుప్పెడు ఈకలు.

"రామచిలుకలను ఇంట్ల పెంచుడు చట్టం ఒప్పుకోదమ్మా. నువ్వు కాపాడినవే అనుకో, అయినా ఒప్పుకోదు. సూర్యాపేటల ఫారెస్టోళ్లకు అప్పజెప్పు, వాళ్లకు దీన్ని ఏడ పెట్టాలెనో ఎరుక" అన్నడు డాక్టర్.

నిన్నటి పుష్పాబాయైతే కొట్లాడుతుండె. ఈ పుష్పాబాయి తల ఊపింది.

తెల్లారి సూర్యాపేట బస్సుల దొరసానికి ఆకలైంది. "యాడీ" అని నోరు తెరిచింది. నిన్న సావు పెట్టిన చేతి దిక్కే నోరు తెరిచింది! పుష్పాబాయి డాక్టరింట్ల నానబెట్టుకున్న శనగలు తీసింది. మూడుసార్లు కడిగిన శనగలు. పెట్టబోయి ఆగింది. ముందుగాల తన నోట్లె ఏసుకొని నమిలింది. మింగి, కండ్లు మూసుకొని, తనకేమన్న అయితదేమోనని కూసున్నది. బుట్టల అది ఆకలికి మొత్తుకుంటనే ఉన్నది. సగం తొవ్వ దాటినంక గాని దాని నోట్లె గింజ పడలే.

ఆఫీసుల కాయితం రాసేటాయన తలెత్తకుంటనే అడిగిండు. "ఎన్ని?"

"నాలుగు."

"బుట్టల ఒకటే ఉన్నది గదమ్మా?"

"మూడింటిని నేనే సంపిన సారూ" అన్నది పుష్పాబాయి. ఈసారి అడిగిపిచ్చుకోలే. మందు సాలు, తుడిచిన కొంగు, కోదాడల ఆడిన అబద్ధం, అన్నీ చెప్పింది. ఆయన అన్నీ కాయితం మీద రాసుకున్నడు. కోపం చెయ్యలే. చేసినా బాగుండు.

"దీన్ని మేం సూసుకుంటం. ఒక్క ముచ్చట. లోపలికి తీస్కపోతుంటే పిలుస్తది, నువ్వు పలకొద్దు. నీ గొంతు ఇంటే మా చేతి తిండి ముట్టది, బతకదు."

బుట్ట తలుపు దాటింది. లోపల నుంచి "యాడీ" అన్నది దొరసాని. జర సేపు ఆగి, పలకలేదేందని మళ్ల అన్నది. గొంతు పెంచి మళ్ల మళ్ల అన్నది.

పుష్పాబాయి రెండు చేతులతోని నోరు మూసుకొని గోడకు ఆనుకున్నది. పిలుపు ఆగేదాక అట్లనే నిలబడ్డది.