తప్పంతా వైరుదే

మా వైరు బాబాయి దృష్టిలో ఈ సృష్టి మొత్తంలో చెడిపోగల వస్తువు ఒక్కటే: వైరు. యంత్రాలు చెడవు, మనుషులు పొరబడరు. మధ్యన వేలాడే వైరే ద్రోహం చేస్తుంది. ఇది ఆయన అభిప్రాయం కాదు, తీర్పు. పదకొండేళ్ళ పాటు ఆ తీర్పు విన్నవాణ్ని కనుక ఈ మాట సాధికారంగా చెప్పగలను.

మేము పనిచేసినది మంచినీటి పరీక్షాశాలలో. ఊళ్ళోని కుళాయిల నీరు సీసాల్లో మా దగ్గరికి వచ్చేది. అందులో ఏమున్నదో, ఎంతున్నదో తేల్చి, కాగితం మీద అచ్చు తీసి, సంతకం చేయించి పంపడం మా వృత్తి. కంప్యూటర్లన్నీ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవి. ఐదు గదులు, ఐదు ప్రింటర్లు. ఒక్కో ప్రింటరూ ఒక్కో యూఎస్‌బీ వైరుతో తన కంప్యూటరును అంటిపెట్టుకుని ఉండేది. వాటి యోగక్షేమాలు బాబాయి బాధ్యత. వరసకు ఆయన మాలో ఎవరికీ బాబాయి కారు. పిలుపుకు మాత్రం అధికారితో సహా అందరికీ బాబాయే.

ఆయన వైద్యానికి ఒక క్రమం ఉండేది. ప్రింటరు మొరాయించిందని కబురు అందగానే, వైద్యుడు స్టెతస్కోపు వేసుకున్నట్టు, మెడలో ఒక వైరు వేసుకుని బయలుదేరేవారు. గదిలో అడుగుపెట్టగానే మొదటి మాట:

"అందరూ బయటికి నడవండి. టీ తాగి రండి."

"మేముంటే మీకేం అడ్డం బాబాయ్?" అనేది టైపిస్టు.

"మనుషులు చూస్తుంటే వైరు సిగ్గుపడుతుందమ్మా. ఉన్న జబ్బు చెప్పదు."

నేను ఒకసారి తలుపు సందులోంచి చూశాను. ఆయన వైరు పీకి, పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ పెట్టారు. తరువాత తెరమీద ఒక ఆదేశం కొట్టి, కంప్యూటరు తనలో తాను రాసుకునే దినచర్యలోని చివరి నాలుగు పంక్తులను, దూరపు చుట్టం రాసిన ఉత్తరం చదివినట్టు, పైకి చదువుకున్నారు. మరో ఆదేశంతో యూఎస్‌బీకి తగిలించి ఉన్నవాటి హాజరు తీసుకున్నారు. మూడోదానితో, అచ్చు కోసం వరుసలో నిలబడ్డ కాగితాలు ఎందుకు కదలడం లేదో విచారించారు. "యంత్రం ఏమంటోందో ముందు వినాలి. తిట్టడానికి తర్వాత బోలెడంత టైముంది" అన్నారు, నావైపు తిరగకుండానే. నేను టీకి వెళ్ళిపోయాను.

పావుగంటకు ప్రింటరు కిర్రుమనేది. బాబాయి ఒక వైరును చుట్టగా చుట్టి, పట్టుబడ్డ దొంగలా చేత్తో పట్టుకుని బయటికి వచ్చేవారు. ముందు మెడలో ఉన్నది ఇప్పుడు ప్రింటరుకు ఉండేది.

"ఏమైంది బాబాయ్?"

"వైరు."

అంతే. ఆ వైరును తన గదిలోని బల్ల సొరుగులో పెట్టి తాళం వేసేవారు.

నేను రసాయనశాస్త్రం చదువుకున్నవాణ్ని. ఏది కనిపించినా పట్టిక వేయకుండా ఉండలేను. నా పుస్తకం ప్రకారం పదకొండేళ్ళలో ప్రింటర్లు ఆగినది అరవై మూడు సార్లు. కారణం: వైరు, అరవై మూడు, ఇతరములు, సున్నా. నా ప్రయోగాల్లో ఏదైనా అంత చక్కని ఫలితం వస్తే, నేను ముందు అనుమానించేది పరికరాన్ని.

"బాబాయ్, నిన్న మార్చిన వైరు ఇవాళ ఎలా పోతుంది?" అని నిలదీశాను ఒకసారి.

"మనుషులు పోవట్లేదూ? నిన్న బాగానే ఉన్నాడే అని మనం అనుకోవట్లేదూ?"

ఇంకోసారి గోడగడియారం ఆగిపోయింది. ఆయన తలెత్తి చూసి, "వైరు" అన్నారు.

"అది బ్యాటరీ గడియారం బాబాయ్! దానికి వైరే లేదు."

"అందుకే ఆగింది."

ఒక వైరు మీదున్న నీలిసిరా మరక నా పరిశోధనకు ఆధారమైంది. విశ్లేషణ గదిలో బాబాయి మృతి ధ్రువీకరించిన ఆ వైరు, మూడు నెలలకు టైపు గదిలో ఆరోగ్యంగా పనిచేస్తూ కనిపించింది. అడిగితే, "పునర్జన్మ" అన్నారు. "చేసుకున్న పుణ్యాన్ని బట్టి టైపు గదిలో పుట్టింది." ఈయనకు ప్రింటర్ల సంగతి అసలు తెలియదని, పీకి పెడుతుంటే ఏదో కాలం కలిసివస్తోందని, నాలో నేను ఒక నిర్ధారణకు వచ్చాను. వినయం చేత దాన్ని టైపిస్టుకు మాత్రమే చెప్పాను. ఆమె వినయం చేత అందరికీ చెప్పింది.

ఇక్కడ మా అధికారి గురించి చెప్పాలి. ఏమిటి, ఎందుకు, ఎలా అనే ప్రశ్నలు ఆయనకు రావు. ఆయన ప్రశ్న ఒక్కటే: "ఎవరు?" ఎవరో తేలితే మెమో. పాతవాళ్ళకు మెమో ఒక కాగితం. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు మాత్రం ఇంటికి దారి. నాకు ముందు నా కుర్చీలో కూర్చున్నాయన రెండు సీసాల చీటీలు తారుమారు చేసి ఆ దారినే వెళ్ళాడు. ప్రింటరు ఆగినప్పుడల్లా అధికారి మెమోల పుస్తకంతో ప్రత్యక్షమయ్యేవారు. బాబాయి "వైరండి" అనేవారు. "వైరుకు మెమో ఇవ్వలేం కదా" అని నిట్టూర్చి అధికారి వెళ్ళిపోయేవారు.

ఇది నేను చేరిన కొత్తల్లో సంగతి. నా ప్రొబేషన్ ఆరు నెలలూ ఒక శుక్రవారంతో పూర్తవుతాయి. ఆనాడు దక్షిణపు పేటల నీటి నివేదిక సాయంత్రం నాలుగింటికల్లా ఆసుపత్రి మనిషి చేతికి అందాలి. నా గది ప్రింటరు వారం రోజులుగా ఎడమ అంచున మసి పూస్తోంది. పక్కనున్న త్రాసుల గదిలో అదే కంపెనీ, అదే నమూనా, అదే రంగు ప్రింటరు, రోజుకు రెండు కాగితాలైనా తీయకుండా శుభ్రంగా కూర్చుని ఉంది. పొద్దున్నే, ఎవరూ రాకముందే, రెంటినీ మార్చేశాను. వైర్లు ఎక్కడివక్కడే, పెట్టెలు మాత్రం అటుదిటు, ఇటుదటు. సమానమైన పరికరాలు, సమానమైన ఫలితాలు. ఎవరితోనూ చెప్పలేదు.

రెండున్నరకు అచ్చు ఆదేశం ఇచ్చాను. ప్రింటరు పచ్చదీపం వెలిగించుకుని నా మోచేతి పక్కనే కూర్చుంది. తెరమీద మాత్రం "ప్రింటరు కోసం నిరీక్షిస్తున్నాను" అనే అర్థం వచ్చే ఒక వాక్యం. ఎదురుగా ఉన్నవాణ్ని పట్టుకుని ఎప్పుడొస్తావని అడగడం! మూడున్నరైంది. నివేదిక కదలలేదు. అధికారి మెమోల పుస్తకంతో వచ్చారు. కలం మూత అప్పటికే తీసి ఉంది.

"ఎవరు?"

"నేనేమీ చేయలేదండి" అన్నాను. ప్రింటర్లు మార్చిన మాట పెదవుల దాకా వచ్చి, ఆ కలాన్ని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

"ఈ గదిలో ఉండేది మీరొక్కరే కదా?"

అంతలో బాబాయి, మెడలో వైరుతో. "అందరూ టీకి నడవండి. అయ్యా, తమరు కూడా."

"నేను టీ తాగను."

"అయితే వాళ్ళు తాగుతుంటే చూడండి. ఇక్కడ వైరు సిగ్గుపడుతోంది."

ఆ పావుగంటలో నేను తాగిన టీలో చక్కెర ఉన్నదో లేదో చెప్పలేను. ఆసుపత్రి మనిషి మోటారుసైకిలు మెట్ల దగ్గర ఆపి, రెండుసార్లు హారను కొట్టాడు. అధికారి గడియారం చూశారు, నన్ను చూశారు, పుస్తకంలో ఒక కొత్త కాగితం తిప్పారు. లోపల ప్రింటరు కిర్రుమంది. బాబాయి బయటికి వచ్చారు.

"ఎవరు?" అన్నారు అధికారి.

బాబాయి చేతిలోని చుట్టను పైకెత్తి చూపించారు. "వైరండి."

కలం మూత టక్కుమంది. నాలుగుకు ఐదు నిముషాలుండగా నివేదిక మెట్లు దిగింది. సోమవారం నా ఉద్యోగం ఖాయమైంది. తక్కిన అరవై రెండు సార్ల సంగతి ఎలా ఉన్నా, ఆ ఒక్కసారి మాత్రం తప్పు నిజంగా వైరుదేనని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. నమ్మడం నాకు సౌకర్యంగా ఉండింది. అయినా ఆయన్ని వేళాకోళం చేయడం మానలేదు.

ఆయన పదవీ విరమణ సభలో మైకు పలకలేదు.

"వైరు" అన్నారు బాబాయి వేదిక మీంచి.

సభ పగలబడి నవ్వింది. మైకు మార్చారు, పెట్టె మార్చారు, ప్లగ్గు మార్చారు, చివరికి మాట్లాడే మనిషిని కూడా మార్చి చూశారు. ఇరవై నిముషాల తరువాత వైరు మార్చారు. పలికింది. నా పట్టికలోకి ఎక్కకపోయినా, తప్పు నిజంగా వైరుదేనని నా కళ్ళతో చూసిన కేసు అదొక్కటే.

మర్నాడు ప్రింటర్ల బాధ్యతతో పాటు ఆయన సొరుగు తాళంచెవి నా చేతికొచ్చింది. అరవై మూడు వైర్లు ఎలా పడతాయా అనుకుంటూ తెరిచాను. ఉన్నవి ఆరు. వాటిలో నీలిసిరా మరకది ఒకటి. మల్టీమీటరు తెచ్చి పరీక్షించాను. ఒక్కో వైరులో నాలుగేసి తీగలు, మొత్తం ఇరవై నాలుగు; ఒక్కటైనా తెగలేదు, ఒక్కటైనా వదులవలేదు. ఆరూ నిక్షేపంలా ఉన్నాయి.

ఒక్కో వైరుకు మాత్రం, పతకాల దండలా, సీసాలకు కట్టే చీటీలు గుత్తులుగా కట్టి ఉన్నాయి. లెక్కపెట్టాను: అరవై మూడు. ముందువైపు తేదీ, గది, "వైరు" అన్న మాట. వెనకవైపు ఆయన చీమల బారు చేతిరాత.

"టైపు గది. క్యూ ఆపేసి, మళ్ళీ తెరవలేదు. తెరిచాను. బాధ్యులు: వైరు."

"విశ్లేషణ గది. ప్రింటరును వాడుకునే అనుమతి పొరపాటున తీసేశారు. ఇచ్చాను. బాధ్యులు: వైరు."

"అధికారి గది. ప్రింటరు స్విచ్చి వేయలేదు. వేశాను. బాధ్యులు: వైరు."

దీన్ని మూడుసార్లు చదివి, మూడుసార్లూ నవ్వాను. నాలుగో చీటీ దగ్గర నవ్వు ఆగింది. ఆ శుక్రవారం తేదీ. నా గది.

"రెండు గదుల ప్రింటర్లు చోట్లు మారాయి. చూపుకు కవలలే, కంప్యూటరు మాత్రం రూపం చూడదు, సీరియల్ నంబరు చూస్తుంది. పాత నంబరు కోసం ఎదురుచూస్తోంది. కొత్త నంబరు చెప్పాను, రెండు గదుల్లోనూ. బాధ్యులు: వైరు."

దాని కింద, కాస్త చోటు మిగిలితే రాసినట్టు: "ఎడమ అంచు మసి కూడా తుడిచాను. అడిగితే నేనే తుడిచేవాణ్ని కదా."

ఆ సాయంత్రం ఆయనకు ఫోను చేశాను. వెంటనే అసలు విషయానికి రాలేక, ఆఫీసు కబుర్లు మొదలుపెట్టాను.

"కొత్తగా చేరినమ్మాయి ఇవాళ ప్రింటు క్యూనే చెరిపేసింది బాబాయ్. అధికారి పుస్తకంతో వచ్చేశారు."

"నువ్వేం చేశావ్?"

"అందర్నీ టీకి పంపించాను."

"తర్వాత?"

"వైరండి, అన్నాను."

"సరైన రోగనిర్ధారణే" అన్నారు, గంభీరంగా.

"బాబాయ్, సొరుగు తెరిచాను. ఆ శుక్రవారం ప్రింటర్లు మార్చింది నేనేనని మీకు ముందే..."

"ఏమిటీ? సరిగ్గా వినపడట్లేదురా."

"ఆ శుక్రవారం బాబాయ్! మీరు లేకపోతే నా ఉద్యోగం..."

"ఒకటే గరగర. వైరులో ఏదో ఉంది."

"ఇది సెల్‌ఫోను బాబాయ్! దీనికి వైరే లేదు."

"అందుకే వినపడట్లేదు" అని ఆయన ఫోను పెట్టేశారు.